మంచు కింద ముఖ హాజరు

నమోదు 1
నీరు: మైనస్ 1.8. దిగినవారు పన్నెండు మంది, ఎక్కినవారు పన్నెండు మంది. బుగ్గలు ఇరవై నాలుగు, తుడిచి చూస్తే అన్నీ ఎర్రగా ఉన్నాయి.

ఇవాళ్టి నుంచి నేను మంచుపేట చర్మరక్షణ పర్యవేక్షకురాలిని. నీళ్ళలో దిగేవాళ్ళ ముఖచర్మం ఎలా ఉందో రోజూ రాసి పంపాలని కేంద్ర కార్యాలయం ఆదేశం. ఊళ్ళో డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే కనుక ఉద్యోగం నాకే వచ్చింది. నేను చదివింది గణాంకశాస్త్రం. చర్మానికీ దానికీ ఏమిటి సంబంధమని అడిగితే, "చర్మాన్ని అంకెల్లో రాయండి" అన్నారు.

రాస్తాను. మా తాతల ఊరు పూడిమడక సముద్రంలో కలిసిపోయాక మమ్మల్ని తెచ్చి ఈ దక్షిణపు మంచు మీద దింపారు. సముద్రం మీద బతికినవాళ్ళు సముద్రం కింద కూడా బతికేస్తారని ఎవరో అంచనా కట్టి ఉంటారు. ఉప్పు తీసి ఊరికి తాగించే సముద్రపు నీళ్ళ గొట్టం మూతి మంచు కింద పది మీటర్ల లోతులో ఉంది. దాని జల్లెడకి మంచు పలుకులు పట్టేస్తుంటాయి. రోజూ గోకాలి. గోకకపోతే ఊరికి నీళ్ళుండవు. దాని పైన కట్టిన షెడ్డు నేల మధ్యలో మంచుని తొలిచి చేసిన బావి ఉంది. వీపున గాలి సిలిండరు కట్టుకుని, పన్నెండు మంది జతలు జతలుగా అందులోంచి దిగుతారు, అరగంట గోకుతారు, పైకొస్తారు.

పోయినేడాది ఆ బావి అడుగున ఇనపచువ్వల తలుపు బిగించారు. దాని పక్కన కెమెరా. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి, గాలి గొట్టం నోట్లోంచి తీసి, ఊపిరి బిగబట్టి, మూడు సెకన్లు ముఖం చూపించాలి. గుర్తుపడితే తలుపు తెరుచుకుంటుంది. ఒక ముఖానికి ఒక మనిషి. అపరిచితులు చొరబడకుండా ఈ ఏర్పాటు. మా చుట్టూ రెండు వేల మైళ్ళ మేర మనిషన్నవాడు లేడు.

అంతకుముందు అందరూ నిండు ముసుగు తొడుక్కునేవారు. నుదుటి నుంచి గడ్డం దాకా చుక్క నీరు తగిలేది కాదు. అందులో ముఖం కనబడడం లేదని వాటిని స్టోరులో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు కళ్ళకీ ముక్కుకీ చిన్న అద్దాల ముసుగు, తలకి రబ్బరు తొడుగు. బుగ్గలు, పెదవులు, గడ్డం మాత్రం సముద్రం సొత్తు.

నమోదు 3
నీరు: మైనస్ 1.8. బుగ్గలు ఇరవై నాలుగు. రంగు: పసుపు.

రంగు గురించి చెప్పాలి. ముఖాలు నమోదు చేసుకునే రోజు, పోయినేడాది, సరిగ్గా గంగమ్మ పండగనాడు పడింది. వాయిదా వేయమని అడిగితే కేంద్ర కార్యాలయంలోని హాజరు అధికారి దివాకరంగారు కుదరదన్నారు. సరేనని అందరూ ముఖం నిండా పసుపు పూసుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని, కెమెరా ముందు వరుసగా నిలబడ్డారు. మర్నాటి నుంచి పసుపు లేని ముఖాన్ని ఆ యంత్రం గుర్తుపడితే ఒట్టు.

ఫోటో మార్చుకోవడానికి దరఖాస్తు ఉంది. దరఖాస్తు తెరవాలంటే ముందు యంత్రం పసుపు పూయని మన ముఖాన్ని గుర్తుపట్టాలి.

అందుకని రోజూ దిగేముందు పసుపు. ఉత్త పసుపు నీళ్ళలో కడిగేసుకుపోతుంది కనుక చేప కాలేయం నూనెలో కలిపి దట్టంగా పూస్తారు. ఆ పని మా నూకరత్నం పిన్నిది. అమ్మ చెల్లెలు, దిగేవాళ్ళలో అందరికంటే పాత మనిషి. పన్నెండు మందినీ బల్ల మీద కూర్చోబెట్టి గోడకి సున్నం కొట్టినట్టు కొడుతుంది.

"ఇది పూస్తే సలే సొరబడదే గుంటా," అంది నాతో. "నూనె కదా, అడ్డం."

"మరి బుగ్గలెందుకు తెల్లబడుతున్నాయి పిన్నీ?"

"అది భక్తి తక్కువైనోల్లకి."

పక్కన తొడుగు బిగించుకుంటున్న ఎల్లాజీ మావ, పిన్నితో జతగా దిగేవాడు, తన తెల్లబడిన గడ్డం తడుముకున్నాడు.

నమోదు 6
నీరు: మైనస్ 1.9.

చదివిన చదువు ఊరికే పోకూడదని ప్రయోగం చేశాను. ఆరుగురికి నూనె పసుపు, ఆరుగురికి నీళ్ళ పసుపు. నూనె పూసిన బుగ్గ పదకొండో నిమిషానికి తెల్లబడింది. నూనె పూయని బుగ్గ కూడా పదకొండో నిమిషానికే. తేడా ఒక్కటే: నూనె పూసినవాళ్ళ ముసుగు అంచు జారి లోపలికి నీళ్ళొచ్చాయి. నూనె తగిలి తగిలి రబ్బరు కూడా ఉబ్బుతోంది. ఈ చలికి మందు చర్మాన్ని కప్పడం. పూయడం కాదు.

ఫలితం పిన్నికి చెప్పాను.

"నీ లెక్కలు నీల్లలో దిగుతాయేటి? నాను దిగుతాను," అంది. అంటే, అనాలని ప్రయత్నించింది. పైకొచ్చాక అరగంట దాకా పెదవులు మొద్దుబారి ఎవరికీ మాట సరిగ్గా రాదు. ఆ అరగంటా మంచుపేటలో తగువులు కూడా ఉండవు.

ఫలితం కేంద్ర కార్యాలయానికీ పంపాను. నిండు ముసుగులు తిరిగి ఇప్పించండి అని రాశాను. జవాబు: "అందినది. ఇలాగే కొనసాగించండి."

నమోదు 9
నీరు: మైనస్ 1.8. ఇవాళ ఒక తిమింగలం తలుపు దగ్గరకొచ్చి హాజరు వేయించుకుంది. పోలిక డెబ్భై రెండు శాతం. మనిషి మంచిది.

నమోదు 10
నిన్నటి నమోదుకి జవాబు వచ్చింది. "అందినది. ఇలాగే కొనసాగించండి."

ఇకమీదట నేను రాయాలనుకున్నది రాయవచ్చని అర్థమైంది. పరిశోధన ఓడ మీదకి బదిలీ అడుగుతూ నేను పెట్టుకున్న ఏడు దరఖాస్తులకీ ఇదే జవాబు రావడం కూడా ఇప్పుడు అర్థమైంది.

నమోదు 13
నీరు: మైనస్ 1.8. సరుకు విమానం వచ్చింది. చర్మరక్షణ కోసం కేంద్ర కార్యాలయం నాలుగు వందల క్రీము గొట్టాలు పంపింది. నారింజ రంగు మూతలు, చూడముచ్చటగా ఉన్నాయి. పైన రాసి ఉంది: "తీవ్రమైన ఎండ నుంచి రక్షణ."

ఎల్లాజీ మావ ఒకటి తీసి వాసన చూశాడు. "మంచు కింద ఎండెక్కడే?"

"పంపినోల్లకి అక్కడ ఎండగా ఉంటాదిరా," అంది పిన్ని. "పాపం, ఆల్లకి తెలిసిన కష్టానికి ఆల్లు మందు పంపినారు."

ఆ మాట అంటున్నప్పుడు చూశాను. పిన్ని కుడి బుగ్గ మీద బొటనవేలంత మచ్చ. తెల్లగా, మైనంలా. వేలితో నొక్కితే గట్టిగా తగిలింది.

"నొప్పెడుతోందా?"

"అసలేటీ తెలీట్లేదు."

నాకు భయమేసింది ఆ జవాబుకే. అట్లకాడ వేడిచేసి బుగ్గకి ఆనించుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. రుద్దకూడదు, కాల్చకూడదు, గోరువెచ్చని గుడ్డ మాత్రమే పెట్టాలి అని చెప్పాను. గోరువెచ్చనివాటికి జబ్బులు తగ్గవని పిన్ని సిద్ధాంతం.

నమోదు 15
నీరు: మైనస్ 1.9.

మచ్చ పొక్కింది. బుగ్గ వాచింది. పసుపు నిలబడడం లేదు, పొక్కు మీద నుంచి జారిపోతోంది. తలుపు దగ్గర యంత్రం చూపించిన పోలిక: మొన్న 91, నిన్న 86, ఇవాళ 79. డెబ్భైకి తగ్గితే తలుపు తెరవదు.

"నాలుగు రోజులు దిగకు పిన్నీ."

"మూడు రోజులు హాజరు పడకపోతే పేరు తీసేత్తారు. పేరు తీసేత్తే గదికి ఏడి ఆపేత్తారు. బుగ్గ కాపాడుకోడానికి ఒల్లంతా గడ్డకట్టించుకోమంతావేటి?"

నిజమే. పేరు లేని గదికి వెచ్చదనం పంపకూడదని నిబంధన. నేను దివాకరంగారికి వీడియోలో ఫోన్ చేశాను. అటు ఫ్యాను తిరుగుతోంది, ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు.

"సార్, చలికి ఆవిడ ముఖం మారిపోతోంది. కొన్నాళ్ళు ముఖ హాజరు నుంచి మినహాయింపు ఇవ్వండి. లేదా ఆ తలుపు తాళం చెవి అయినా ఇక్కడ ఉంచండి."

"తాళం చెవి ఇక్కడ చాలా భద్రంగా ఉందండి."

"అదే సార్ ఇబ్బంది."

"చూడండి కాంచనగారూ, ముఖాన్ని నమోదు నాటి స్థితిలో ఉంచుకోవలసిన బాధ్యత ఉద్యోగిదే. క్రీము పంపించాం కదా, అందిందా?"

"అందినది సార్," అన్నాను.

నమోదు 17
పోలిక 74. పిన్ని అద్దం ముందు కూర్చుని, పోయినేడాది ముఖంలా కనబడడానికి ఎడమ బుగ్గలో సరుకు విమానంలో వచ్చిన తమలపాకు ఉండ పెట్టుకుని చూసింది. రెండు వైపులా సమానంగా వాచినట్టుంటే యంత్రం నమ్ముతుందేమోనని. నమ్మలేదు. 73.

నమోదు 18
ఇది సాయంత్రం రాస్తున్నాను.

నీరు: మైనస్ 1.9. దిగినవారు పన్నెండు మంది.

పిన్ని దిగేటప్పుడు పోలిక 71. తలుపు కాసేపు ఆలోచించి తెరుచుకుంది. నేను షెడ్డులో, కింది కెమెరా చూసేది చూపించే తెర ముందు కూర్చున్నాను. ఇరవై ఎనిమిదో నిమిషంలో ఎల్లాజీ మావ తలుపు దగ్గరకొచ్చి ముఖం చూపించాడు. 88. దాటి పైకొచ్చాడు. తలుపు మూసుకుంది. వెనక పిన్ని వచ్చింది. గాలి గొట్టం తీసి ముఖం చూపించింది.

తెర మీద ఎర్ర అక్షరాలు: "అపరిచితురాలు. 66."

మళ్ళీ చూపించింది. 65. గ్లౌజు చేత్తో బుగ్గని లోపలికి నొక్కిపట్టి చూపించింది. 61. ప్రతిసారీ నోట్లోంచి గాలి గొట్టం తియ్యాలి, ప్రతిసారీ ఆ పెదవులతోనే మళ్ళీ పట్టుకోవాలి. నాలుగోసారి పట్టు దొరకలేదు. గొట్టాన్ని చేత్తో నోటికి అదిమిపెట్టుకుని చువ్వ పట్టుకుని వేలాడింది. చువ్వల సందులోంచి కిందకి వంగి పిన్ని సిలిండరు మీది గాలి ముల్లు చూసొచ్చిన ఎల్లాజీ మావ పైకి తేలి అరిచాడు.

"పది నిమిసాలు గూడా నేదే! ఎంత గుంజినా తలుపు కదల్దం నేదు!"

ఫోన్ చేశాను. దివాకరంగారే ఎత్తారు. చెప్పాను.

"కంగారు పడకండి. ముందు ఫిర్యాదు నమోదు చేయండి, నంబరు వస్తుంది. ఆ నంబరు చెబితే..."

"సార్, ఆవిడ కింద ఉంది!"

"ఎవరు ఉన్నారు? ఇక్కడ అపరిచితురాలు అని చూపిస్తోంది. అపరిచితులకి తలుపు తెరిచే అధికారం నాకు లేదండి."

ఫోన్ పెట్టేశాను. షెడ్డు చుట్టూ చూశాను. గడ్డపార కోసం చూశాననుకుంటాను. కనబడింది గోడ మీద పెద్ద బొమ్మ. నమోదు రోజు తీసిన ఫోటోలతో కేంద్ర కార్యాలయమే వేయించి, ప్లాస్టిక్ పూత పూయించి పంపినది. "మన మంచుపేట, మన గర్వకారణం" అని పైన. కింద పన్నెండు పసుపు ముఖాలు. రెండో వరుసలో మూడోది మా పిన్ని. రెండు బుగ్గలూ గుండ్రంగా, నున్నగా, పండగ నవ్వుతో.

చేపలు కోసే కత్తితో ఆ ముఖాన్ని చతురస్రంగా కోశాను. చుట్టచుట్టి ఎల్లాజీ మావ చేతిలో పెట్టాను. ఏమిటని కూడా అడగలేదు, మునిగాడు.

తెరలో చూస్తున్నాను. చువ్వల సందులోంచి చుట్ట కిందకి దిగింది. పిన్ని ఒక చెయ్యి నోటి దగ్గర గొట్టానికే కావాలి, రెండో చెయ్యి చువ్వ వదలాలి. వదిలింది. మూడే వేళ్ళున్న మందపాటి గ్లౌజుతో చుట్ట విప్పడానికి ప్రయత్నిస్తోంది. విప్పింది. కెమెరా ముందు పట్టుకుంది.

తలకిందులుగా పట్టుకుంది.

"అపరిచితురాలు. 4."

తెరని కొట్టి అరిచాను, తెరకి వినపడుతుందన్నట్టు. పైనుంచి ఎల్లాజీ మావ చువ్వల మీద గోకుడుపారతో కొట్టి, చెయ్యి గిరగిరా తిప్పి చూపిస్తున్నాడు. పిన్ని అతన్ని చూసింది. ఫోటోని చూసుకుంది. ఆ చలిలో, ఆ గాలితో, నిదానంగా, తన ముఖాన్ని తనే తిప్పి నిలబెట్టింది.

"సూరాడ నూకరత్నం. 99.6. స్వాగతం."

పిన్నిని పైకి లాగాం. గోరువెచ్చని గుడ్డ పెడితే వద్దనలేదు. పెదవులు కరిగాక అన్న మొదటి మాట: "నాకంటే నా పోటోనే నమ్మింది సూసినావా, దీని మొకం మండా."

ఎక్కినవారు పన్నెండు మంది.

నమోదు 19
నిన్నటిదంతా ఉన్నదున్నట్టు రాసి పంపాను. గర్వకారణాన్ని కత్తితో కోశానని కూడా రాశాను. ఎల్లాజీ మావ స్టోరు తాళం బద్దలుకొట్టి నిండు ముసుగులు బయటికి తీశాడని, ఇకమీద అందరూ అవే తొడుక్కుని, నడుముకి ఆ బొమ్మలోంచి కోసిన తమ ఫోటో కట్టుకుని దిగుతారని రాశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

జవాబు వచ్చింది. "అందినది. ఇలాగే కొనసాగించండి."

కనుక కొనసాగిస్తున్నాం.

నమోదు 34
నీరు: మైనస్ 1.9. బుగ్గలు ఇరవై నాలుగు. రంగు: బుగ్గల రంగు.

పదిహేను రోజులుగా ఎవరి ముఖానికీ నీరు తగల్లేదు. పసుపు డబ్బా వంటింటికి తిరిగి వెళ్ళింది. పిన్ని పొక్కు మానింది, కుడి బుగ్గ మీద ముడతపడిన మచ్చ మిగిలింది. అందరి పోలికా రోజూ 99.6. అంతకు మించి ఎవరూ తమలా ఉండలేరు.

తలకిందులు కాకుండా ఫోటోల పైఅంచుకి నారింజ రంగు మూత ఒకటి కుట్టాను. క్రీముకి ఒక ఉపయోగం దొరికింది.

నమోదు 36
దివాకరంగారు ఫోన్ చేశారు. ఈసారి ఆయనే. గొంతు పండగలా ఉంది.

"కాంచనగారూ, అద్భుతమండి! దేశంలోనే మొదటి స్థానం. పదిహేను రోజులుగా ఒక్క ముఖంలో కూడా ఇసుమంత మార్పు లేదు. అందులోనూ ఆ నూకరత్నంగారు! అరవై ఆరు నుంచి తొంభై తొమ్మిదిన్నరకి! క్రీము బాగా పనిచేసింది కదూ?"

"చాలా బాగా పనిచేసింది సార్. ముఖ్యంగా మూతలు."

"ఎల్లుండి ఆవిడకి సన్మానం. నేను వీడియోలో ఉంటాను. శాలువా, దండ ఏర్పాటు చేయండి. ముందు యంత్రం ఆవిడని ధ్రువీకరించాలి, అది నిబంధన."

నమోదు 38
నీరు: మైనస్ 1.8. సన్మానం జరిగింది.

ఇక్కడ పూలుండవు. మిగిలిన క్రీము మూతలన్నీ దారానికి గుచ్చితే దండ అయింది, దూరం నుంచి బంతిపూల దండే. శాలువా సరుకు విమానంలో వచ్చింది. పిన్ని ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. తెర మీద దివాకరంగారు.

"ఈవిడ ఎవరండి?"

"నూకరత్నంగారు సార్."

తెరకి బిగించిన కెమెరాలోంచి యంత్రం పిన్నిని చూసింది. "అపరిచితురాలు. 63."

"కాదండి," అన్నారు ఆయన మర్యాదగానే. "అమ్మా, మీరు కొంచెం పక్కకి జరుగుతారా? నూకరత్నంగారిని పిలవండి, టైమవుతోంది."

పిన్ని నా వైపు చూసింది. నేను పిన్ని వైపు చూశాను. ఎల్లాజీ మావ వెళ్ళి, షెడ్డులోంచి తడి ఫోటో తెచ్చి, తుడిచి, కుర్చీలో నిలబెట్టాడు. పిన్ని జరిగింది.

"సూరాడ నూకరత్నం. 99.6."

"ఆఁ! నమస్కారమమ్మా!" దివాకరంగారు లేచి నిలబడ్డారు. "చూడండి, ముఖంలో ఆ కళ! ఏమిటి, పలకరు? కదలరు?"

"సిగ్గు సార్," అన్నాను.

ఆయన పదిహేను నిమిషాలు మాట్లాడారు. చలిని జయించిన చర్మం గురించి, చెక్కుచెదరని మంచుపేట మహిళ గురించి. ఆయన చెప్పినట్టే నేను ఫోటోకి దండ వేశాను, శాలువా కప్పాను. అందరం చప్పట్లు కొట్టాం. తెర ఆరిపోయింది.

గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. కుర్చీలో దండ వేసిన ఫోటో. మా వాళ్ళలో ఫోటోకి దండ ఎప్పుడు వేస్తారో తెలియనివాళ్ళెవరూ అక్కడ లేరు. ఎల్లాజీ మావ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ రోజు ఇంకో రెండు నిమిసాలైతే..." అని ఆగిపోయాడు.

పిన్ని లేచింది. ముందు ఫోటో మెడలోంచి దండ తీసి మేకుకి తగిలించింది. తరవాత శాలువా లాగేసింది. రెండుసార్లు దులిపి, తన తల మీదుగా కప్పుకుని, మచ్చ ఉన్న బుగ్గ మీదకి లాక్కుని, గడ్డం కింద గట్టిగా దోపుకుంది.

"దానికెందుకే శాలువా," అంది. "దానికి సలేస్తాదేటి?"

తడి ఆరని ఫోటోని చంకలో పెట్టుకుని షెడ్డు వైపు నడిచింది. జల్లెడకి మంచు పట్టే వేళయింది.

దిగినవారు పన్నెండు మంది. ఎక్కినవారు పన్నెండు మంది.